ఇల్లా, ఆఫీసా: కోడ్ ఎక్కడ బాగా సాగుతుంది?

కోడ్ రాయడానికి, బగ్ (ప్రోగ్రామ్‌లోని తప్పు) మూలం పట్టుకోవడానికి ఇల్లే మేలు. ఈ పనులకు రెండు మూడు గంటలు ఎవరూ కదిలించకూడదు. ఆఫీసులో "ఒక్క నిమిషం" అంటూ ఎవరైనా పిలిస్తే, తెగిన ఆలోచన మళ్లీ అందుకోవడానికి చాలాసేపు పడుతుంది.

కొత్తగా చేరినవాళ్ల సంగతి వేరు. కంప్యూటర్ సెటప్‌లో ఒక్క వేరియబుల్ (ప్రోగ్రామ్ వాడుకునే విలువ) తప్పుగా ఉంటే పక్క సీటు సీనియర్ స్క్రీన్ చూసి వెంటనే చెప్పేస్తారు. ఇంట్లో ఉంటే అదే ప్రశ్న చాట్‌లో పూటంతా నానుతుంది. అడగడానికి మొహమాటపడేవాళ్లకు మరీ నష్టం.

ప్రయాణ బుకింగ్‌ల సంస్థ ట్రిప్.కామ్‌లో 1,600 మందికి పైగా ఉద్యోగులపై జరిగిన ప్రయోగం 2024లో నేచర్ అనే సైన్స్ పత్రికలో వచ్చింది. వారానికి 2 రోజులు ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు తగ్గలేదు, రాజీనామాలు మాత్రం మూడోవంతు తగ్గాయి. అందుకే మా ఓటు రెండూ కలిపిన పద్ధతికే. కాకపోతే జట్టంతా ఒకే రోజుల్లో ఆఫీసుకు రావాలి. తలో రోజు వస్తే, అంత దూరం వచ్చి కూడా వీడియో కాల్‌లోనే కూర్చోవాలి.