ఫ్రీజ్ చేసిన వీర్యమా, తాజాదా: ఇక్సీకి ఏది మేలు?

ఇక్సీ అంటే ల్యాబ్‌లో ఒక శుక్రకణాన్ని సన్నని సూదితో నేరుగా అండంలోకి ఎక్కించడం. అందుకే ఒక్కో అండానికి ఒక్క శుక్రకణం చాలు. అలాంటప్పుడు ఫ్రీజింగ్‌లో కొన్ని చచ్చిపోతే ఏం నష్టం? కణాలు లక్షల్లో ఉన్నవారికి పెద్దగా ఏమీ లేదు. వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉన్నవారికి మాత్రం అదే అసలు సమస్య.

వీర్యానికి గ్లిసరాల్ ఉన్న ద్రావణం కలిపి, నైట్రోజన్ ఆవిరిలో చల్లబరిచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతారు. నీరు మంచుగా మారేటప్పుడు కణం పొర దెబ్బతింటుంది. కరిగించాక కదలిక సగానికి పడిపోవడం మామూలే. దెబ్బంతా గడ్డకట్టేటప్పుడు, కరిగేటప్పుడే. ఏళ్ల తరబడి నిల్వ ఉన్నా చెడేది దాదాపు ఏమీ ఉండదు. వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐకి మాత్రం కదిలే కణాలు లక్షల్లో కావాలి కనుక, కౌంట్ తక్కువైతే తాజాదే వాడాలి.

దారి మూసుకుపోవడం వల్ల వీర్యంలో కణాలు లేనివారికి ఫ్రీజింగే నయం. వృషణంలో ఉత్పత్తి బాగానే ఉంటుంది, ఒకసారి తీసి చిన్న చిన్న వయల్స్‌లో దాచుకుంటే ప్రతి చికిత్స సైకిల్‌కూ సూది, కోత తప్పుతాయి. ఫలితాలు తాజావాటికి దాదాపు సమానం.

ఉత్పత్తే దెబ్బతిన్నవారి విషయం చిక్కు. మైక్రో టీసీలో, అంటే వృషణాన్ని తెరిచి మైక్రోస్కోప్ సాయంతో కణాలు తీసే ఆపరేషన్‌లో, గంటల తరబడి వెతికితే కొన్ని కణాలు దొరకొచ్చు, అసలు దొరకకపోవచ్చు కూడా. ముందే ఆపరేషన్ చేసి ఫ్రీజ్ చేస్తే, కణాలున్నాయని తేలాకే భార్యకు హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టొచ్చు. కానీ దొరికిన ఆ కొన్నీ కరిగించాక బతకకపోవచ్చు. అండాలు తీసే రోజో, ముందురోజో ఆపరేషన్ పెట్టుకుంటే ఈ భయం ఉండదు. అయితే ఏమీ దొరక్కపోతే అండాలను ఫ్రీజ్ చేయాలి, లేదా దాత వీర్యం వాడాలి. ఆ నిర్ణయం ఆపరేషన్ టేబుల్ దగ్గర కాదు, ఇంజెక్షన్లకు ముందే జరగాలి. కణాలు బాగా తక్కువ దొరుకుతాయనుకుంటే తాజాదానికే మా ఓటు.

వీర్యంలో ఒకసారి కనబడి మరోసారి మాయమయ్యేవారు ముందుగానే రెండు మూడు శాంపిళ్లు దాచుకోవాలి, ఒక్కోదానికి ముందు రెండు నుంచి ఏడు రోజుల విరామంతో. అండాల రోజున తాజాది వస్తే వాడతారు, లేకుంటే దాచినది. ఒత్తిడితో ఆ రోజు శాంపిల్ ఇవ్వలేనివారికీ ఇదే ఆసరా.

కరిగించాక ఏదీ కదలకపోతే అన్నీ చచ్చినట్టు కాదు. కదలిక పెంచే పెంటాక్సిఫిలిన్ అనే మందు కలిపితే కొన్ని కదులుతాయి. పలచని ద్రావణంలో తోక చుట్టుకుంటే ఆ కణం బతికున్నట్టే. ఈ పరీక్షలు తమ దగ్గర చేస్తారా, ఒక్కో వయల్‌లో ఎంత నింపుతారు అని ల్యాబ్‌ను ముందే అడగండి.