చలికాలంలో పెద్దవాళ్ల నడక: పొద్దున 6 గంటలకా, సాయంత్రం 4 గంటలకా?

60 దాటినవాళ్లను రోజూ నడవమని డాక్టరు చెప్పారంటే హైదరాబాద్‌లో మొదట మారేది అలారం టైము. తెల్లారకముందే మంకీ క్యాప్ పెట్టుకుని బయల్దేరతారు. పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. ఎండాకాలంలో దానితో నాకు పేచీ లేదు, ఏప్రిల్ ఎండలో పొద్దున్నే నడవాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మాత్రం నా ఓటు సాయంత్రం నాలుగుకే.

చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న చల్లగాలి మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. రాత్రంతా లారీలు వదిలిన పొగ, చలిమంటల పొగ ఆ కిందే ఇరుక్కుంటాయి. చాలదన్నట్టు ఆరింటికి రోడ్లు ఊడుస్తారు. ఊడ్చిన ఆకుల్ని మలుపులో కుప్పేస్తే ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీస్తారు. ఎండ ముదిరితే గానీ ఈ గాలి పైకి లేవదు. మధ్యాహ్నానికి ధూళి పలచబడి, పొద్దు గూకి ఆఫీసుల ట్రాఫిక్ మొదలయ్యాక మళ్లీ చిక్కబడుతుంది.

అదే గాలిని కాలేజీ కుర్రాడూ పీలుస్తున్నాడు కదా? నిజమే, వాడికీ నష్టమే. కానీ వాడి ఒంట్లోని కణాలు త్వరగా తేరుకుంటాయి. 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులు (వీటినే పీఎం 2.5 అంటారు) ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా దిగిపోతాయి. అక్కడి కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే కణాలను దెబ్బతీసే రసాయన ఒత్తిడి, పెరగగానే ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్లి, గ్లూటాథయోన్ వంటి విరుగుళ్లు తయారుచేసే జన్యువులను పనిలోకి దింపుతుంది. వయసు మీదపడేకొద్దీ ఈ స్పందన మందగిస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, వాహనాల పొగలోని అతిసూక్ష్మ రేణువులు సోకినప్పుడు లేత వయసు ఎలుకల్లో రక్షణ ఎంజైములు పెరిగాయి, ముసలి ఎలుకల్లో ఆ పెరుగుదల కుంటుపడింది. పెద్దవాళ్లలో ధూళిని మింగేసే మాక్రోఫేజ్ కణాల చురుకు తగ్గుతుంది, కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు కదలిక కూడా నెమ్మదిస్తుంది. పైగా వయసుతో పాటు ఒంట్లో లోలోపల రగిలే ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉండనే ఉంది. లోపలి మరమ్మతు మన చేతిలో లేనప్పుడు, లోపలికి పోయే ధూళినైనా తగ్గించుకోవాలి.

టైము మార్చుకోలేకపోతే చోటైనా మార్చుకోండి. లండన్‌లో 60 దాటినవాళ్లను డీజిల్ బస్సులు తిరిగే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఒకసారి, హైడ్ పార్కులో ఒకసారి రెండేసి గంటలు నడిపించారు. పార్కు నడకతో ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది, రక్తనాళాల బిగువు తగ్గింది. రోడ్డు మీద నడిచినప్పుడు ఆ లాభం చాలావరకు పోయింది. మనకు కేబీఆర్ పార్కు దగ్గర రెండూ పక్కపక్కనే ఉన్నాయి: లోపల చెట్ల మధ్య బాట, బయట కార్లను ఆనుకుని వాక్‌వే. లోపలిది కూడా ఇదే ఊరి గాలి, కాకపోతే సైలెన్సర్ నుంచి అప్పుడే వచ్చిన పొగ నేరుగా ముఖాన కొట్టదు.

ఎన్95 మాస్క్ సరిగ్గా బిగిస్తే పనిచేస్తుంది, కానీ దానితో వేగంగా నడిస్తే పెద్దవాళ్లకు ఆయాసం. ముక్కుకు కర్చీఫ్ కట్టుకోవడం ఒట్టి తృప్తి. గాలి మరీ పాడైన రోజున హాల్లోనే అటూ ఇటూ నడవడం నయం, పక్కన అగరబత్తి గానీ దోమల కాయిల్ గానీ వెలగనంతవరకు. బయల్దేరే ముందు గాలి నాణ్యత చెప్పే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్ చూడండి, అయితే అందులోని 'సంతృప్తికరం' మాటను పూర్తిగా నమ్మొద్దు. మన గాలి నాణ్యత సూచీలో ఆ మాటకు పై హద్దు 100, అంటే పీఎం 2.5 ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు చెప్పిన హద్దు 15.

నాలుగింటికి మనవణ్ని స్కూలు బస్సు దగ్గర నుంచి తెచ్చుకోవాలంటారా? అయితే మధ్యాహ్నం మూడుకే నడక ముగించేయండి. డిసెంబరు ఎండకు టోపీ చాలు.