విజయనగరం వాళ్లకు హెచ్చరిక: ‘షుగర్ వారికి ప్రత్యేకం’ జావ పొడి కొనకండి

దుకాణం పేరు రాయడం లేదు. విజయనగరంలో చిరుధాన్యాల సరుకు కొనేవాళ్లకు పేరుతో పని లేదు. వాట్సాప్‌లో పొద్దున్నే ప్రకటనలు పంపేదీ వాళ్లే, ఇంటికి తెచ్చి ఇచ్చేదీ వాళ్లే. వాళ్ల ‘షుగర్ వారికి ప్రత్యేకం’ చోడి (రాగి) జావ పొడి మా నాన్నగారి కోసం తీసుకున్నాను. అర కిలో 340 రూపాయలు. చోళ్ల ధర తెలిసినవాళ్లకు అది ఎంత ఎక్కువో వేరే చెప్పాలా? చోళ్లు నానబెట్టి, ఎండబెట్టి, మర పట్టించే ఓపిక అమ్మకు తగ్గింది. వేడినీళ్లలో కలిపితే చాలన్నారు కదా అని కొన్నాం.

నాన్నగారికి షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్ర వేళ తప్పరు, ఉదయపు నడక మానరు. ఈ జావ మొదలుపెట్టాక పూట గడవకముందే నోరు ఎండిపోతోందని, ఒళ్లు బరువుగా ఉందని అనసాగారు. తాగిన రెండు గంటలకు ఇంట్లో మీటరుతో చూస్తే 271. మర్నాడు అదే మాత్ర, అదే నడక, జావ బదులు అమ్మ వేసిన పెసరట్లు. రెండు గంటలకు 158. మీటరు లెక్క నూటికి పదిహేను దాకా అటూ ఇటూ ఉండవచ్చు. అలా అనుకున్నా 158 ఎక్కడ, 271 ఎక్కడ? తిన్న రెండు గంటలకు 180 దాటకూడదని మాకు చెప్పిన హద్దు.

అప్పుడు ప్యాకెట్టు వెనక్కి తిప్పాను. పదార్థాల జాబితా ఉండవలసిన చోట దుకాణం వాళ్ల స్టిక్కరు అంటించి ఉంది. ‘చోళ్లు, కొర్రలు, సామలు, బాదం’ అని ఆకుపచ్చ అక్షరాలు. ఒక మూల కాస్త లేచి ఉంది. గోటితో పట్టి లాగితే కింద అసలు అచ్చు బయటపడింది. బియ్యపు పిండి, మాల్టోడెక్స్ట్రిన్, మొక్కజొన్న పిండి, వాటి తరువాత చోడి పిండి 12 శాతం. కొర్రలు, సామలు రెండూ కలిపి 3 శాతం. బాదం లేనే లేదు, బాదం వాసన వచ్చే ఎసెన్సు ఉంది.

ప్యాకెట్టు మీద పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది నియమం. అంటే చోడి జావ పేరుతో మాకు అమ్మింది బియ్యపు పిండి. ఇక మాల్టోడెక్స్ట్రిన్ అంటే పిండి పదార్థాన్ని విరగ్గొట్టి తయారుచేసే తెల్లటి పొడి. నాలుకకు పెద్దగా తీపి తగలదు, కానీ కడుపులోకి వెళ్లగానే గ్లూకోజుగా మారిపోతుంది. తిన్నది రక్తంలో చక్కెరను ఎంత త్వరగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిలో గ్లూకోజు 100 అయితే మామూలు చక్కెర 65 దగ్గర ఉంటుంది. ఇది గ్లూకోజుకే దగ్గర. అయినా లేబుల్ మీద చక్కెరల గడిలో ఇది లెక్కకు రాదు. ముందువైపు ‘చక్కెర సున్నా’ అని అంత పెద్దగా వేసుకోగలిగింది అందుకే. వెనకవైపు కార్బోహైడ్రేట్ల గడి చూడండి, 100 గ్రాములకు 81 గ్రాములు!

ప్యాకెట్టు, మీటరు పట్టుకుని దుకాణానికి వెళ్లాను. నాన్నగారు కూడా వచ్చారు. కౌంటరు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. యజమాని నేను చూపించిన స్టిక్కరు వైపు చూడనే లేదు. నాన్నగారిని ఎగాదిగా చూసి, “అమ్మా, ముసలివాళ్ల సంగతి మీకు తెలియదు. మీరు ఆఫీసుకు వెళ్లగానే ఏ బెల్లం ముక్కో నోట్లో వేసుకుంటారు. నింద మాత్రం మా జావ మీద వేస్తారు” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

నాన్నగారు ఒక్క మాట అనలేదు. చేతిలో గుడ్డ సంచి ఉంది. దాన్ని మడతపెట్టారు, విప్పారు, మళ్లీ మడతపెట్టారు. జూట్ మిల్లులో షిఫ్టులు చేసి మమ్మల్ని చదివించిన మనిషి. సంక్రాంతికి ఇల్లంతా అరిసెల వాసన వస్తున్నా ముక్క తుంచుకోని మనిషి. ఆయనను నలుగురి ముందు దొంగతిండి తినేవాడిగా నిలబెట్టాడు. డబ్బు తిరిగి ఇచ్చినా ఈ మాట నేను మరచిపోను.

“ఇది వాడితే మూడు నెలల్లో మాత్ర సగానికి తగ్గించుకోవచ్చు” అని అమ్మేటప్పుడు చెప్పింది ఈయనే. ఆ మాట గుర్తుచేస్తే “మేమేమైనా డాక్టర్లమా?” అన్నాడు. మేము మాత్ర తగ్గించలేదు. కానీ ఆ మాట నమ్మి తగ్గించినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారో అని భయంగా ఉంది. విప్పిన ప్యాకెట్టు వెనక్కి తీసుకునేది లేదంటూ అదే పొడిని పక్కనున్న పెద్దావిడ చేతిలో పెట్టబోయాడు. స్టిక్కరు కింద ఉన్నదంతా ఆవిడకు గట్టిగా చదివి వినిపించాను. ఆవిడ ప్యాకెట్టు కౌంటరు మీదే వదిలేసి వెళ్లిపోయారు.

ఇంకొక మాట. కల్తీ లేని చోళ్లయినా మెత్తగా దంచి, ముందే ఉడికించి ఆరబెట్టిన పొడి త్వరగా అరిగి త్వరగా రక్తంలోకి చేరుతుంది. ఓట్స్‌లోనూ అంతే. ముక్కలుగా కోసినవాటి సూచి 55 లోపు ఉంటుంది, రెండు నిమిషాల్లో ఉడికే రకానిది 75 దాటుతుంది. పెసరట్టులో పొట్టుతో సహా పెసలు ఉంటాయి, మాంసకృత్తులు ఉంటాయి, అందుకే అంత త్వరగా పెరగదు. కొనక తప్పకపోతే ముందు వెనకవైపు మొదటి మూడు పదార్థాలు చదవండి, తిన్న రెండు గంటలకు ఒకసారి మీటరుతో చూసుకోండి. మాత్ర సంగతి డాక్టరునే అడగండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళతాను. 5 లక్షల లోపు విలువైన కొనుగోలుకు అక్కడ రుసుము లేదు. ఈ పొడి మీ ఇంట్లో ఉంటే పారేయకండి. స్టిక్కరు నెమ్మదిగా లాగి, కింద ఉన్న అచ్చును బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీసి, రసీదుతో కలిపి నాకు పంపండి. సోమవారం ఆహార భద్రత అధికారికి ఇచ్చే కాగితాలకు జతచేస్తాను.