గేమ్ హోస్ట్ చేయడానికి ‘గేమింగ్ రౌటర్’ కొనబోతున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టారు, బయట ఊళ్లో ఉన్న స్నేహితులు లోపలికి రాలేకపోతున్నారు. లేదా ఒకే ఇంట్లో ఉన్న రెండు కంప్యూటర్లు గేమ్‌లో ఒకదానికొకటి కనబడటం లేదు. వెంటనే ఆరు యాంటెనాల రౌటర్, ఒక వైఫై ఎక్స్‌టెండర్, 20 మీటర్ల కేబుల్ కార్ట్‌లో పడిపోతాయి. వేలు ఖర్చవుతాయి, సమస్య అక్కడే ఉంటుంది. కొన్ని ఇళ్లలో కొత్త రౌటర్ పెట్టాకే అసలు ఇబ్బంది మొదలవుతుంది. ఆర్డర్ పెట్టే ముందు దయచేసి ఒక అరగంట కేటాయించండి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది మీ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్ నుంచి మిమ్మల్ని చేరుకునే అడ్రస్) ఉందా లేదా అని. ఫైబర్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద లాగిన్ అడ్రస్ ఉంటుంది. అందులోకి వెళ్లి స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (కంపెనీ వైపు మీ బాక్స్‌కు ఉన్న అడ్రస్) ఎంతో రాసుకోండి. తర్వాత ‘నా ఐపీ ఎంత’ అని చూపించే ఏదైనా సైట్ తెరిచి పోల్చండి. రెండూ ఒకటే అయితే మంచిది. వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైనా, 10తో మొదలైనా మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. నాట్ అంటే ఒకే ఐపీని చాలా పరికరాలు పంచుకునే ఏర్పాటు; ఇక్కడ ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ ఎంతోమంది కస్టమర్లకు కలిపి ఇస్తోంది. బయటి నుంచి వచ్చిన కనెక్షన్ ఎవరింటికి వెళ్లాలో అక్కడి పరికరానికి తెలియదు, అక్కడే ఆగిపోతుంది. అది మీ ఇంటి గడప దాకా రానే రాదు కాబట్టి మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఫలానా పోర్ట్ నంబర్‌కు వచ్చిన కనెక్షన్‌ను ఫలానా కంప్యూటర్‌కు పంపమనే సెట్టింగ్) ఎన్నిసార్లు పెట్టినా ఫలితం ఉండదు. ₹2,000 రౌటర్ అయినా ₹20,000 రౌటర్ అయినా ఇక్కడ తేడా సున్నా. ‘ఓపెన్ నాట్ గ్యారంటీ’ అని రాసి ఉన్న ప్రకటనను అస్సలు నమ్మకండి.

దీనికి దారులు మూడు. కనెక్షన్ ఇచ్చినవాళ్లను స్టాటిక్ (మారని) పబ్లిక్ ఐపీ అడగడం ఒకటి. అదనంగా ఎంత తీసుకుంటారో, మీ ప్లాన్‌కు ఇస్తారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. రెండోది ఐపీవీ6, అంటే ప్రతి పరికరానికీ సొంత పబ్లిక్ అడ్రస్ ఇవ్వగల కొత్త పద్ధతి. ఇద్దరి దగ్గరా అది ఉండి, గేమ్ కూడా ఒప్పుకుంటే నాట్ గొడవే లేదు. కానీ రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో (బయటి కనెక్షన్లను ఆపే కాపలా) గేమ్ పోర్ట్ తెరిచే వీలుండాలి. కంపెనీ ఇచ్చిన బాక్సుల్లో చాలావాటికి ఆ వీలు ఉండదు. మూడోది టెయిల్‌స్కేల్, జీరోటైర్ లాంటివి, అంటే వేర్వేరు ఇళ్ల కంప్యూటర్లను ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లోకి కలిపే యాప్‌లు. కొద్దిమంది స్నేహితులు ఆడుకోవడానికి ఉచిత ప్లానే చాలు, మా సిఫారసు కూడా ఇదే. ఒక తేడా గుర్తుంచుకోండి: గేమ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కునే బ్రాడ్‌కాస్ట్‌ను (నెట్‌వర్క్‌లో అందరికీ వినబడే పిలుపు) జీరోటైర్ మోసుకెళ్తుంది, టెయిల్‌స్కేల్ మోయదు. అందులో సర్వర్ అడ్రస్ చేత్తో టైప్ చేయాలి.

పబ్లిక్ ఐపీ ఉన్నా పని జరగకపోతే ప్రోటోకాల్ (డేటా పంపే పద్ధతి, టీసీపీ లేదా యూడీపీ) చూడండి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు టీసీపీ పోర్ట్ 25565, బెడ్‌రాక్ ఎడిషన్‌కు యూడీపీ పోర్ట్ 19132. బెడ్‌రాక్‌కు టీసీపీ తెరిచి రౌటర్‌ను తిట్టుకునేవాళ్లు చాలామంది. పరీక్షించేటప్పుడు సర్వర్ నడుస్తూ ఉండాలి, లేకపోతే పోర్ట్ మూసి ఉందనే చూపిస్తుంది. ఇంటి వైఫై మీద నుంచే మీ పబ్లిక్ ఐపీకి కనెక్ట్ అయి చూడకండి, చాలా రౌటర్లు అలా బయటకు వెళ్లి తిరిగి లోపలికి వచ్చే దారిని ఇవ్వవు. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో చూడండి. విసిగిపోయి డీఎంజెడ్ (అన్ని పోర్ట్‌లనూ ఒకే కంప్యూటర్‌కు మళ్లించే సెట్టింగ్) మాత్రం ఆన్ చేయకండి, ఆ కంప్యూటర్ మొత్తం బయటకు తెరుచుకుంటుంది.

ఇక కొత్త రౌటర్ తెచ్చే తంటా. కంపెనీ ఇచ్చిన ఫైబర్ బాక్స్ సాధారణంగా తానే ఒక రౌటర్. దాని వెనక మీ కొత్త రౌటర్‌ను వాన్ పోర్ట్‌తో తగిలిస్తే నాట్ రెండుసార్లు జరుగుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఇల్లు రెండు నెట్‌వర్క్‌లుగా చీలిపోతుంది. డెస్క్‌టాప్ పాత బాక్స్‌కు, ల్యాప్‌టాప్ కొత్త వైఫైకి ఉంటే లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) గేమ్ లిస్ట్‌లో ఏమీ కనబడదు, ఎందుకంటే బ్రాడ్‌కాస్ట్ ఒక నెట్‌వర్క్ దాటి రెండోదానిలోకి పోదు. కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి పాత నెట్‌వర్క్‌నే వైఫైగా ఇచ్చేది) పెట్టండి. ఆ మోడ్ లేకపోతే దాని ఐపీని 192.168.1.250 లాగా పాత బాక్స్ వరుసలోనే, ఇంకెవరూ వాడని నంబర్‌కు మార్చి, డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీలు పంచే పని) ఆపేసి, కేబుల్‌ను వాన్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో గుచ్చండి. చాలా ఇళ్లలో దీనితోనే సరిపోతుంది.

రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నా కనబడటం లేదా? గెస్ట్ వైఫైలో ఎవరూ లేరని, రౌటర్‌లో ఏపీ ఐసోలేషన్ (వైఫై పరికరాలు ఒకదానికొకటి కనబడకుండా చేసే సెట్టింగ్) ఆపి ఉందని చూసుకోండి. విండోస్‌లో నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’ చేయండి. పింగ్‌కు (అవతలి కంప్యూటర్ పలుకుతుందా అని చూసే పరీక్ష) జవాబు రాలేదని కంగారు పడొద్దు, విండోస్ ఫైర్‌వాలే దాన్ని ఆపేస్తూ ఉండొచ్చు. పింగ్ కొట్టిన వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఏఆర్‌పీ -ఏ’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో (arp -a) కొట్టండి. అవతలి కంప్యూటర్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డ్ నంబర్) కనబడితే దారి ఉంది, అడ్డు ఫైర్‌వాలే. కనబడకపోతే అడ్డు వైఫైలో ఉంది. ఇంకొకటి: గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అడిగితే ‘క్యాన్సిల్’ నొక్కి ఉంటే విండోస్ ఆ ప్రోగ్రామ్‌కు అడ్డుకునే రూల్ రాసేస్తుంది. ఆ తర్వాత మీరు అనుమతిస్తూ ఎన్ని రూల్స్ పెట్టినా అడ్డుకునేదే గెలుస్తుంది. విండోస్ ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ (లోపలికి వచ్చే కనెక్షన్ల) రూల్స్‌లో దాన్ని వెతికి తీసేయండి. మైన్‌క్రాఫ్ట్ జావాకు అది జావా లేదా ఓపెన్‌జేడీకే పేరుతో ఉంటుంది.

ఇవన్నీ అయ్యాక కూడా కొనాల్సి వస్తే, మోసం ఎక్కువగా కేబుల్‌లోనే. ‘క్యాట్ 6’ అని ముద్రించి లోపల రాగి పూత పూసిన అల్యూమినియం తీగ పెట్టి అమ్ముతున్నారు. నిరోధం ఎక్కువ, వంచితే విరుగుతుంది, కనెక్టర్ బిగించిన చోట కొన్నాళ్లకు వదులవుతుంది. ఒక కొస ఒలిచి తీగను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనబడితే అది రాగి కాదు. వివరణలో ‘సీసీఏ’ (రాగి పూత అల్యూమినియం) అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది కనబడితే వదిలేయండి. ఇంట్లో వాడకానికి అసలు రాగితో చేసిన క్యాట్ 5ఈ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది. తగిలించాక విండోస్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ 1000 ఎంబీపీఎస్ ఉండాలి. రెండువైపులా గిగాబిట్ పోర్ట్‌లే అయి ఉండి 100 చూపిస్తుంటే కేబుల్‌లో ఏదో ఒక తీగల జత తెగి ఉండే అవకాశం ఎక్కువ. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100కు రెండు చాలు.

రౌటర్ బాక్స్ మీది ‘ఏసీ1200’ అనేది 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5లో 867 కలిపి గుండ్రంగా వేసిన అంకె. వెనక పోర్ట్‌లు 100 ఎంబీపీఎస్‌వే ఉన్న మోడళ్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. ‘10/100’ అని ఉంటే వద్దు, ‘10/100/1000’ ఉండాలి. ఒకే బ్యాండ్ మీద పనిచేసే ఎక్స్‌టెండర్ విన్న ప్రతి ప్యాకెట్‌ను అదే ఛానెల్‌లో మళ్లీ పలకాలి కాబట్టి వేగం దాదాపు సగమవుతుంది, పింగ్ (స్పందనకు పట్టే సమయం) ఎగిరెగిరి పడుతుంది. హోస్ట్ చేసే కంప్యూటర్‌ను దాని మీద పెట్టకండి.

ఏది కొన్నా పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. రిటర్న్ గడువు లోపలే లింక్ స్పీడ్ చూసి స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. కేబుల్‌లో రాగి లేదని తేలితే గీకిన తీగ ఫోటో, బిల్లు, అమ్మకపు పేజీలో ఏం రాశారో దాని స్క్రీన్‌షాట్ కలిపి అమ్మినవాళ్లకు రాతపూర్వకంగా పంపండి. వాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.