వేసవి క్యాంపింగ్‌కు నాపానా, సెనెకా సరస్సా?

గుడారం, కొండ నడక, వైన్ రుచి మూడూ ఒకే ట్రిప్‌లో కావాలంటే నా ఓటు న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా సరస్సుకే. దక్షిణపు కొసన వాట్కిన్స్ గ్లెన్ స్టేట్ పార్క్‌లోనే గుడారం వేసుకోవచ్చు. అక్కడి లోయబాట పొడవు రెండున్నర కిలోమీటర్ల లోపే. కానీ దారిలో 19 జలపాతాలు, 800కు పైగా మెట్లు! ఒకచోట జలపాతం వెనక నుంచే నడుస్తాం. తడిరాయి జారుతుంది, మంచి బూట్లు తప్పనిసరి. సరస్సు పొడవునా వైనరీలే. రీస్లింగ్ అనే వైట్ వైన్ తప్పక రుచి చూడండి, డ్రైవ్ చేసేవాళ్లు మాత్రం గ్లాసు ముట్టొద్దు.

వైన్‌కు కాలిఫోర్నియాలోని నాపా లోయకే పేరెక్కువ. అక్కడి బోతే-నాపా వ్యాలీ స్టేట్ పార్క్‌లో రెడ్‌వుడ్ చెట్ల నీడ ఎంతో హాయి. అయితే వేసవి మధ్యాహ్నాలు మాడ్చేస్తాయి, టేస్టింగ్ ఫీజులూ ఎక్కువే. కాబర్నే సోవిన్యోన్ అనే రెడ్ వైన్ అంటే ప్రాణమైతే అటే వెళ్లండి, నడక మాత్రం పొద్దున్నే ముగించుకోండి.