డింగీ మెయిన్‌షీట్: మెత్తని తాడా, బిగువైన తాడా?

డింగీలో (చిన్న తెరచాప పడవలో) గాలికి ఎదురీది పై మార్క్ (పందెంలో గాలి వచ్చే వైపున్న మలుపు గుర్తు) దాకా వచ్చారు. ఇప్పుడు పడవ తిప్పి గాలివాటుగా పోవాలి. తెరచాప ఒక్కసారిగా తెరుచుకోవాలి కాబట్టి కాళ్ల దగ్గర కుప్పగా పడున్న మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను లాగి, వదిలే తాడు) గబగబా పారాలి. ఆ కుప్పలో ఒక్క ఉచ్చు పడిందా, నేరుగా వెళ్లి రాచెట్ బ్లాక్‌లో (ఒక్క వైపుకే తిరిగే కప్పిలో) ఇరుక్కుంటుంది. బూమ్ (తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) సగంలో ఆగుతుంది, పడవ ఒరుగుతుంది, ఇక ఈతే. నాకు రెండుసార్లు అయింది. రెండోసారి ఉచ్చు పడింది నా చీలమండకే!

చిక్కుపడని తాడు కావాలంటే మూడు పేటల పురి తాడును ముందే పక్కన పెట్టండి. బరువు పడితే దాని పురి విప్పుకోబోతుంది, వదిలితే మెలి తిరుగుతుంది. అల్లిన తాడులో సగం పేటలు కుడికి, సగం ఎడమకి తిరుగుతాయి. ఒకదాని పురిని ఇంకొకటి కొట్టేస్తుంది. కాబట్టి అసలు పోటీ అల్లిన తాళ్ల మధ్యే.

మెత్తనిది చేతికి హాయి. పాలీప్రొపిలీన్ కలిస్తే తేలిక కూడా. దాని సాంద్రత 0.91, నీళ్లమీద తేలుతుంది. పాలిస్టర్‌ది 1.38, మునుగుతుంది. కానీ మెత్తని తాడు ఎటు పడితే అటు మడత పడుతుంది, నొక్కితే చపటవుతుంది. పైన నూగు ఉంటే తనను తానే పట్టుకుంటుంది. కొన్ని నెలల వాడకం తర్వాత చూడండి, పాత పంచె కొసలా తయారవుతుంది.

లోపల డైనీమా (చాలా బలమైన కృత్రిమ నార), పైన బిగువుగా అల్లిన పాలిస్టర్ తొడుగు ఉన్న తాడు గుండ్రంగానే నిలుస్తుంది. ఉచ్చు పడినా పెద్దగా పడుతుంది, లాగితే విడిపోతుంది. అయితే ఇక్కడ డబ్బు ఖర్చు చేయాల్సింది తొడుగు మీదే. ఇంత చిన్న పడవ మెయిన్‌షీట్ మీద పడే లోడ్‌కి డైనీమా బలం అక్కర్లేదు. మరీ గట్టిదైతే ఇంకో తంటా: రీలు మీద చుట్టినప్పటి వంపు మర్చిపోదు, కాక్‌పిట్‌లో స్ప్రింగ్‌లా లేచి కూర్చుంటుంది.

కొనే ముందు నేను చేసేది ఒకటే. తాడును మడిచి రెండు వేళ్లతో గిల్లి పట్టుకుంటాను. మడత లోపలి సందు పూర్తిగా మూసుకుపోతే అది చిక్కులమారిది. సుమారు తాడు మందమంత సందు మిగిలితే సరైనది. అంతకంటే చాలా పెద్ద సందు మిగిలితే చిన్న కప్పి చుట్టూ తిరగడానికే మొరాయిస్తుంది.

ఒక కొసన తొడుగు ఒలిచి సన్నగా చేసిన తాడు మూడో దారి. స్పినకర్ (గాలివాటుకి ఎత్తే బుడగలాంటి చాప) షీట్‌కి భేషుగ్గా ఉంటుంది, తక్కువ గాలిలో చాప మూలను కిందికి లాగదు. మెయిన్‌షీట్‌కి మాత్రం నేను పెట్టను. తొడుగు మొదలయ్యే చోటు కప్పిల్లోంచి పోతూ వస్తూ ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు తట్టుకుంటుంది.

ఎంత మంచి తాడుకైనా పురి ఎక్కించేది మన చేతులే. ఒకే దిక్కుకి చుట్టలు చుడితే చుట్టకో పూర్తి మెలి. పది చుట్టలు చుట్టి కొస పట్టి లాగితే పది మెలికలు. ఎనిమిది ఆకారంలో చుడితే ఎక్కిన మెలి ఎదురు మెలితో పోతుంది. చాలామంది వదులు కొసను హైకింగ్ స్ట్రాప్‌కి (పడవ బయటికి వాలినప్పుడు పాదాలు తగిలించే పట్టీకి) కడతారు. చేజారకుండా ఉండటానికి మంచిదే, కానీ రెండు కొసలూ కట్టేస్తే లోపలి పురి బయటికి పోయే దారుండదు. రోజు చివర విప్పి, ఒడ్డుకు వచ్చేటప్పుడు పడవ వెనక నీళ్లలో ఈడ్చుకురండి. దానంతటదే విప్పుకుంటుంది.

పొడవు కూడా తగ్గించండి. బూమ్ పూర్తిగా బయటికి పెట్టి, ఇంకాస్త ఉంచి, మిగతాది కోసేయండి. అయితే ఇల్కా అనే డింగీలో (2019 దాకా లేజర్ అనేవాళ్లం) తెరచాప స్తంభాన్ని పట్టే పక్క తీగలు లేవు, బూమ్ 90 డిగ్రీలు దాటి పోగలదు. కొలత అక్కణ్ణుంచి తీసుకోండి. జైబ్‌లో (గాలివాటుగా పోతూ తెరచాపను ఇంకో వైపుకి మార్చేటప్పుడు) ట్రాన్సమ్ (పడవ వెనక పలక) మూలకి షీట్ తగులుకోవడం మాత్రం ఏ తాడుతోనూ పోదు. బూమ్ దాటే క్షణంలో ఒక్క కుదుపు కుదపాల్సిందే.

నా ఓటు గిల్లితే సందు నిలిచే 7 మిల్లీమీటర్ల బిగువైన అల్లికకి. గాలి తక్కువ రోజుల కోసం 6 మిల్లీమీటర్లది ఇంకోటి సంచిలో ఉంటుంది.