చీటీ మీద ఒక చేప, సంచిలో మరొక చేప

హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలోని ఒక అక్వేరియం దుకాణంలో, ‘గ్రీన్ పంచాక్స్’ అని చీటీ అంటించిన తొట్టి నుంచి, ఒక్కొక్కటి 60 రూపాయల చొప్పున కిల్లీలనే చిన్న అక్వేరియం చేపల పిల్లలను ఆరింటిని కొన్నాను. ఆరోగ్యం విషయంలో దుకాణానికి వంక పెట్టడానికి లేదు: ఏ చేపకూ వాజాలు చిరగలేదు, ఆక్సిజన్ నింపిన సంచిలో జాగ్రత్తగా కట్టి ఇచ్చారు, ఆరూ బతికాయి. నా అభ్యంతరమంతా ఆ చీటీ మీదనే.

గ్రీన్ పంచాక్స్ అనే పేరు అప్లోకైలస్ బ్లాకీ అనే జాతికి చెందుతుంది. అది ఐదారు సెంటీమీటర్లకు మించి పెరగదు. నేను తెచ్చినవి మాత్రం, దుకాణపు ఖాళీ గాజు తొట్టిలో వెలవెలబోయి కనిపించినా, మొక్కలున్న నీటిలో కుదురుకొని పెరిగేకొద్దీ ఒంటి వెనుక భాగంలో నల్లని నిలువు పట్టీలు తేలాయి. మగవాటి పక్కల బంగారు పొలుసులు వరుసలు కట్టాయి. అంటే అవి అప్లోకైలస్ లీనియాటస్ అన్నమాట. పది సెంటీమీటర్ల దాకా పెరిగే ఈ చేప నోట పట్టిన దేన్నీ వదలదు కనుక, అదే తొట్టిలోని నా గప్పీ అనే చిన్న చేపల పిల్లలు ఏమయ్యాయో వేరే చెప్పనక్కరలేదు.

చిన్న వయసులో వీటిని వేరు చేయడం కష్టమేనని ఒప్పుకుంటాను. చదునైన తల, పైకి తిరిగిన నోరు, తోకకు దగ్గరగా జరిగిన వీపు వాజం, నడినెత్తిన వెండిలా మెరిసే చుక్క ఈ అప్లోకైలస్ ప్రజాతి (దగ్గరి జాతుల సమూహం) అంతటికీ సామాన్యం. నీటి పైభాగాన్నే అంటిపెట్టుకొని తిరిగే ఈ చేపలను మలయాళంలో ‘మానత్తుకణ్ణి’, అంటే ఆకాశం వైపు కన్నున్నది అంటారు. లీనియాటస్ ఆడచేపకు వీపు వాజం మొదట్లో నల్లమచ్చ ఉంటుంది గాని, 1822లో శాస్త్రవేత్త హామిల్టన్ వర్ణించిన అప్లోకైలస్ పంచాక్స్‌కూ అటువంటి మచ్చే ఉంటుంది. కాబట్టి మచ్చను కాక పట్టీలను చూడాలి, పంచాక్స్‌కు అవి ఉండవు. దోమ పిల్లలను తినే ఈ పంచాక్స్‌ను అమెరికా నుంచి వచ్చిన గాంబూసియా అనే చేప అనుకునేవారూ ఉన్నారు. గాంబూసియా పిల్లలను కంటుంది, పంచాక్స్ మొక్కలకు అంటుకునే గుడ్లు పెడుతుంది.

అదే దుకాణంలో పక్క తొట్టిలోని పసుపు చేపలను ‘గోల్డెన్ వండర్, ఇది వేరే జాతి’ అని చూపించారు. అదీ లీనియాటస్‌లో పెంపకందారులు నిలబెట్టిన రంగు రకమే. ‘మిగతా చేపలను చంపుతుంది కాబట్టే కిల్లీ’ అన్న వివరణ కూడా విన్నాను. ఆ మాటకు మూలం కాలువ అనే అర్థమున్న డచ్చి పదమని చెబుతారు. మన కిళ్ళీతోనూ దానికి చుట్టరికం లేదు.

ఫోటోలు చూపిస్తే చీటీ మారుస్తామన్నారు. పోయిన వారం వెళ్ళేసరికి పాత చీటీయే ఉంది. చేపలు బాగుంటాయి కనుక మళ్ళీ అక్కడికే వెళ్తాను గాని, కాస్త పెరిగి పట్టీలు తేలినవాటినే ఎంచుకుంటాను. కొనేవారు తొట్టికి మూత కూడా అప్పుడే అడిగి తీసుకోవాలి, ఇవి బాగా ఎగిరి దూకుతాయి. ఆ మాట దుకాణంలో ఎవరూ నాకు చెప్పలేదు.